మా తాత వృత్తి, మా ఆర్కిటెక్టు హాబీ

మొన్నామధ్య ఒక శుక్రవారం సాయంత్రం (వాళ్ళకి పొద్దున్న) కాల్‌లో పని సంగతులన్నీ అయిపోయాక శని ఆదివారాలు ఎవరేం చేస్తారో చెప్పుకుంటున్నాం. క్లయింటు వైపు ఆర్కిటెక్టు ఒకాయన ఉన్నాడు, అరవైకి దగ్గరపడుతున్న మనిషి. ఆయన కెమెరా ముందు ఒక కత్తి పెట్టి చూపించాడు. పాత ట్రక్కు కమాను బద్దని కాల్చి, సాగగొట్టి, తనే చేశాడట. ఇంటి వెనక షెడ్డులో గ్యాసు కొలిమి, ఎక్కడో వేలంలో కొన్న వందేళ్ళ నాటి దాగలి, గోడకి వరసగా తగిలించిన పటకార్లు, అన్నీ చూపించాడు. మావాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. నేనుండబట్టలేక "మా తాతయ్య కూడా ఇదే పని చేసేవాడు, అదే కమాను బద్దతో" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "అలాగా! ఎన్నేళ్ళ నుంచి ఈ హాబీ ఆయనకి?" అని అడిగాడు.

ఏం చెప్పాలో తెలియలేదు. తరాల నుంచి అని చెప్పాలా? ఆయనకి ఆరేళ్ళప్పటి నుంచి అనాలా? హాబీ కాదండీ, కులవృత్తి అంటే ఆయనకి అర్థమయ్యేలా చెప్పటానికి మరో గంట కాల్ పెట్టాలి. నవ్వేసి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న వదల్లేదు. ఒకే ఇనుము, ఒకే నిప్పు, ఒకే సుత్తి. అక్కడ జనం డబ్బిచ్చి నేర్చుకుంటున్నారు. ఇక్కడ మా తాత తన కొడుకుని దాని దగ్గరికి రానివ్వకుండా చదివించాలని తాపత్రయపడ్డాడు. ఈ తేడా ఎక్కడ మొదలైందా అని తవ్వుకుంటూ పోతే తేలిన సంగతులే ఈ టపా.

మాది పర్చూరు వైపు. 1970 దాకా గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది :). నల్లరేగడి. ఎండాకాలం కాలు దిగబడేంత నెర్రెలు, వానాకాలం చెప్పు ఊడొచ్చేంత జిగురు. పత్తి, మిరప, పొగాకు, శనగ. ఈ నేలలో ఇనుము తొందరగా అరిగిపోతుంది. నాగలి కర్రు మొద్దుబారుతుంది, గుంటక పాస పలచబడుతుంది. అందుకని తొలకరికి ముందు కొలిమి దగ్గర ఊరు ఊరంతా ఉండేదట. నేను పుట్టేసరికి ఆ జోరు లేదు. నాకు గుర్తున్నదల్లా వేపచెట్టు కింద ఒక తాటాకు పందిరి, నేలలో గుంటలాంటి కొలిమి, చేత్తో తిప్పే గాలి చక్రం. దాన్ని తిప్పేది మా నాయనమ్మ. తోలు తిత్తి ఉన్న రోజుల్లో అది లాగిందీ ఆవిడే. సమ్మెట కొట్టడానికి మనిషి దొరక్కపోతే సమ్మెటా ఆవిడే ఎత్తేది. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే కమ్మరి అనగానే అందరి కళ్ళ ముందూ కండలు తిరిగిన మగవాడే కనిపిస్తాడు.

"కంసాలి దెబ్బలు నూరు, కమ్మరి దెబ్బ ఒకటి" అని సామెత. ఆ ఒక్క దెబ్బ వెనకాల ఎంత చరిత్ర ఉందో చూద్దాం.

"కమ్మరి" అనే మాటే చాలా పాతది. సంస్కృతంలో కర్మార, ప్రాకృతంలో, పాళీలో కమ్మార. బుద్ధుడికి చివరి భోజనం పెట్టిన చుందుణ్ణి బౌద్ధ గ్రంథాలు "కమ్మారపుత్త" అంటాయి, అంటే కమ్మరి కొడుకు. అమరావతి, భట్టిప్రోలు మా ఊరికి మరీ దూరమేం కాదు. అమరావతి స్తూపానికి దానమిచ్చినవాళ్ళలో విధికుడనే తోలుపనివాడు ఉన్నాడు, రాతిమీద పేరు చెక్కించుకున్నాడు. రెండువేల ఏళ్ళ కిందట చేతిపనివాళ్ళు తమ వృత్తిని పేరు పక్కనే రాయించుకుని దానధర్మాలు చేశారన్నమాట. తర్వాతి కాలంలో అదే వృత్తి పేరు ఊళ్ళో మనిషిని ఏ మూల కూర్చోబెట్టాలో చెప్పే గుర్తయింది.

తర్వాతి కాలం అంటే ఆయగాళ్ళ కాలం. విజయనగర రాజుల నాటికి ఊరికి పన్నిద్దరు ఆయగాళ్ళు అనే ఏర్పాటు స్థిరపడింది. కరణం, తలారి, పురోహితుడు, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి... జాబితా ప్రాంతాన్ని బట్టి కాస్త మారుతుంది గానీ కమ్మరి దాదాపు ప్రతిదాంట్లోనూ ఉంటాడు. వీళ్ళకి ఊరు కొంత మాన్యం ఇస్తుంది, పంట రాగానే కళ్ళంలో గింజలు కొలుస్తుంది. మా వైపు దాన్ని మేర అంటారు. బదులుగా ఏడాది పొడుగునా రైతు కర్రు మొద్దుబారినా, కొడవలికి కక్కులు పోయినా, పలుగు మొన విరిగినా కమ్మరి కాదనకూడదు. విడిగా డబ్బులడగకూడదు. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే ఏడాది మెయింటెనెన్సు కాంట్రాక్టు, తరతరాలకీ ఆటోమేటిక్ రెన్యూవల్, ఎగ్జిట్ క్లాజు మాత్రం లేదు :)

ఇందులో మంచీ ఉంది. కరువు లేనంతకాలం కమ్మరి కొంపలో గింజలుంటాయి. కరువొస్తే మాత్రం మొదట గాలిపోయేది ఆ తిత్తికే. పంట లేకపోతే మేర లేదు. 1832-33 నందన కరువులో గుంటూరు జిల్లా జనాభాలో మూడో వంతు దాకా పోయారని అంచనా. రైతు చస్తే అతని మీద బతికే కమ్మరి ఏమవుతాడు? రైతుకి కనీసం అమ్ముకోవడానికి భూమి ఉంది. కమ్మరికున్నదల్లా దాగలి, దాన్ని ఆ రోజుల్లో కొనేదెవరు?

ఇంతకీ ఈ కమ్మరులకి ఇనుము ఎక్కణ్ణుంచి వచ్చేది? ఇనుము కరిగించేవాళ్ళు వేరు, దాన్ని కాల్చి పనిముట్టు చేసేవాళ్ళు వేరు. కరిగించేవాళ్ళకి రాయి, అడవి రెండూ కావాలి. ఒంగోలు పక్కన కొణిజేడు కొండల్లో మాగ్నెటైటు రాయి ఉంది. కృష్ణకి అవతల నూజివీడు దగ్గర రమణక్కపేటలో ఇనుము తీసే కొలుములుండేవి. బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రవేత్త కంపెనీ కొలువులో ఉంటూ 18వ శతాబ్దం చివర వాటిని చూశాడు, 1814లో అచ్చయిన పుస్తకంలో వాటి సంగతులు రాశాడు. మట్టి బట్టీ, తోలు తిత్తులు, బొగ్గు, అడుగున ముద్దగా దిగే ఇనుము. ఆ ముద్ద కరిగి నీరు కాదు. స్పాంజిలా ఉంటుంది. సుత్తితో బాది చిట్టెం వదలగొడితేనే ఇనుము అవుతుంది.

ఈ ఇనుము ఓడలెక్కింది కూడా. మన నిజాంపట్నంలో (డచ్చివాళ్ళ రాతల్లో పేటపోలి) డచ్చివాళ్ళు 1606 ప్రాంతంలోనే దిగారు. ఆ శతాబ్దంలో మచిలీపట్నం కోస్తా నుంచి ఇనుము, ఉక్కు, మేకులు బటావియాకి వెళ్ళాయి. బటావియా అంటే ఇప్పటి జకార్తా. పాలకొల్లు వైపు స్థానిక కమ్మరుల చేత మేకులు కొట్టించుకున్నారు. లోపల ఇనుము దొరికేచోట, ఇప్పటి ఖమ్మం జిల్లా నాగులవంచలో, డచ్చి కంపెనీ ఒక కొఠీ పెట్టింది. అది 1687 నాటికి మూతపడింది. అంటే ఓడల తయారీలో ప్రపంచాన్ని ఏలుతున్న దేశం తన ఓడల చెక్కలు బిగించడానికి తెలుగు కమ్మరి మేకులు కొనుక్కుంది. మా హిస్టరీ పుస్తకంలో కలంకారీ బట్టల గురించి ఉంది, వజ్రాల గురించి ఉంది. మేకుల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. వజ్రం రాజు వేలికి వెళ్తుంది, మేకు ఓడ అడుగుకి వెళ్తుంది, ఎవరికి కనపడుతుంది?

ఇహ ఉక్కు సంగతి. ఇది మా పల్నాడు, ఒంగోలు మైదానంలో కాదు, తెలంగాణలో జరిగిన కథ. కానీ మా ఆర్కిటెక్టు ఏ కత్తి పేరు చెబితే ఒళ్ళు మరిచిపోతాడో ఆ డమాస్కస్ కత్తి మూలం అక్కడుంది గనక చెప్పాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేసేవాళ్ళు. బంకమట్టిలో వరి ఊక కలిపి చేసిన మూస, అందులో ఇనప ముక్కలు, పైన మట్టి మూత, బట్టీలో దాదాపు ఒక రోజు మంట. మూసలో ఇనుము బొగ్గుని పీల్చుకుని నిజంగా కరుగుతుంది. మెల్లగా చల్లారాక చిన్న ఉక్కు ముద్ద తయారు. ఇందులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. పోలికకి చెప్తున్నా, మనం కిటికీ ఊచలకి వాడే మెత్తటి ఇనుములో 0.2 శాతం, లారీ కమాను బద్దలో 0.6 శాతం. ఆ చిన్న తేడాలోనే ఉంది మొత్తం విద్య. సేలం వైపు ఇలాగే చేసేవాళ్ళు మూసలో తంగేడు కర్ర, జిల్లేడు ఆకులు వేసేవాళ్ళని 19వ శతాబ్దంలో హీత్ అనే ఇంగ్లీషాయన రాశాడు. మనం బతుకమ్మలో పేర్చే తంగేడు, రథసప్తమికి నెత్తిన పెట్టుకునే జిల్లేడు!

సర్వే శాఖలో పనిచేసిన హెన్రీ వోయ్సీ అనే డాక్టరు (1824లో చనిపోయాడు) కోనసముద్రం వెళ్ళి ఇదంతా చూసి రాసిపెట్టాడు. అక్కడ ఆయనకి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియన్ వర్తకుడు కనిపించాడు, ఉక్కు కోసమే వచ్చి కూర్చున్నవాడు. ఇప్పుడు మనం వీసా కోసం కాన్సులేటు ముందు నిలబడుతున్నాం గానీ, ఒకప్పుడు ఇరాన్ నుంచి మనిషొచ్చి నిజామాబాద్ పల్లెలో కమ్మరి గుమ్మం ముందు నిలబడ్డాడు.

1794లో బొంబాయి నుంచి ఒక డాక్టరు ఈ ఉక్కు ముక్కల్ని లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్‌కి పంపాడు. 1795లో పియర్సన్ రాయల్ సొసైటీలో వ్యాసం చదివాడు. ఆ వ్యాసంలో "ఉక్కు" కాస్తా "వూట్జ్" అయింది. వినికిడి తప్పో, రాత తప్పో, ఇప్పటికీ ప్రపంచమంతా ఆ తప్పుతోనే పిలుస్తోంది. తర్వాత మైకేల్ ఫారడే కరెంటు జోలికి గట్టిగా వెళ్ళక ముందు స్టోడార్ట్ అనే ఆయనతో కలిసి ఈ ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు, 1820, 1822లో వ్యాసాలు అచ్చయ్యాయి. అన్నట్టు ఫారడే తండ్రి కమ్మరి. మన ఉక్కుని అర్థం చేసుకోవడానికి తలబద్దలు కొట్టుకున్న ఆ మహా శాస్త్రవేత్త కూడా కమ్మరి కొడుకే. అక్కడ కమ్మరి కొడుకు రాయల్ సొసైటీకి వెళ్ళాడు. ఇక్కడ అసలు ఉక్కు చేసినవాడి పేరు వోయ్సీ రాతల్లోనూ లేదు, మన రాతల్లోనూ లేదు.

ఆ తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. షెఫీల్డు ఇనుము ఓడల్లో వచ్చిపడింది, రైళ్ళు దాన్ని లోపలికి మోసుకొచ్చాయి. 1882 మద్రాసు అటవీ చట్టంతో బొగ్గు కోసం అడవిలోకి వెళ్ళడం నేరమైపోయింది. ఇనుము తీసేవాళ్ళు కూలీలైపోయారు. కోనసముద్రం మూసలు చల్లారాయి. కేటీ డాక్యుమెంటు లేకుండా టీమ్ మొత్తం ఒకేసారి రిజైన్ చేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. ఇక్కడ రిజైన్ చెయ్యలేదు, ప్రాజెక్టే మూసేశారు. ఏ రాయి, ఎంత సేపు, ఎంత మంట, ఆ లెక్కలన్నీ చేతుల్లో ఉన్నాయి, చేతులతోనే పోయాయి.

కానీ ఊళ్ళో కమ్మరి బతికాడు. రైతున్నంతకాలం కర్రు కావాలి కదా. ఇంగ్లీషు ఇనుమైతే ఇంగ్లీషు ఇనుము, తర్వాత టాటా ఇనుము, ఆ తర్వాత తుక్కు. మా తాత కాలానికి వచ్చేసరికి ముడిసరుకంతా చిలకలూరిపేట, గుంటూరు పాత ఇనప సామాన్ల కొట్లలోంచే. లారీ కమాను బద్ద కత్తికీ కొడవలికీ, ఇరుసు కడ్డీ పలుగుకీ, పాత ఆకురాయి ఉలికీ. ఏ ముక్కలో ఎంత కర్బనముందో ఆయనకి తెలీదు. కానీ ముక్కని సానరాయి మీద పెట్టి, ఎగిరే నిప్పురవ్వలు చూసి ఏది పదును పట్టుకుంటుందో, ఏది పట్టుకోదో చెప్పేవాడు. అమెరికాలో హాబీ కమ్మరులు కూడా సరిగ్గా ఈ పరీక్షే చేస్తారని ఈ మధ్యే చూశాను. మా ఊళ్ళో గోడల మీద ఎర్రరంగుతో సుత్తీ కొడవలీ వేసి ఉండేవి. ఆ రెండూ చేసేది మా తాతే, కానీ ఏ మీటింగులోనూ ఆయన్ని స్టేజి ఎక్కించినట్టు నాకు తెలీదు :)

మరి మా ఇంట్లో కొలిమి ఆరిపోయింది ఎందుకు? ట్రాక్టరు వల్ల అని అందరూ చెప్తారు. నిజమే గానీ అది చివరి దెబ్బ. మొదటి దెబ్బ పత్తి.

ఎలాగో చెప్తాను. మేర అనేది గింజల లెక్క. జొన్న, వరిగ, సజ్జ పండినంతకాలం కళ్ళంలో కొలవడానికి ఏదో ఉంది. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్ళొచ్చాయి, ఆ తర్వాత పదిహేను, ఇరవై ఏళ్ళలో ఈ మైదానమంతా పత్తి, మిరప అయిపోయింది. కమ్మరికి పత్తి కొలిచిస్తే ఏం చేసుకుంటాడు? మిరపకాయలు ఎన్నని తింటాడు? కాబట్టి మేర పోయి డబ్బయింది. డబ్బంటే గింజల్లా కళ్ళంలో కళ్ళ ముందు ఉండదు. సరుకు గుంటూరు వెళ్ళాలి, కమీషను కొట్టు అప్పు తీరాలి, పురుగుమందుల కొట్టు బాకీ తీరాలి, ఆ మిగిలినదాంట్లో కమ్మరికి. వరసలో ఆఖరివాడు.

1987లో తెల్లదోమ వచ్చింది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి మొత్తం పోయింది. రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. మన రాష్ట్రంలో పత్తిరైతుల ఆత్మహత్యలు అనే మాట పేపర్లకెక్కింది అప్పుడే. మా తాత దగ్గర ఒక పాత లెక్కల పుస్తకం ఉంది. ఆ ఏడాది పేజీల్లో ఎదురుగా "వచ్చింది" అనే గళ్ళు ఖాళీగా ఉన్నాయి. నేను చిన్నప్పుడు అడిగాను, ఎందుకు వసూలు చెయ్యలేదని. "చచ్చిపోయినోడి పెళ్ళాం దగ్గరికెళ్ళి కర్రు సాగగొట్టిన డబ్బులియ్యమని అడగమంటావా?" అన్నాడు. ఆ లెక్క అలాగే ఉండిపోయింది. రైతు చనిపోతే కనీసం లెక్కల్లోకి వచ్చాడు. ఆ రైతు మీద ఆధారపడ్డ కమ్మరి ఊరొదిలిపోతే ఏ లెక్కలోకీ రాలేదు. నందన కరువు నాటి కథే, నూటయాభై ఏళ్ళ తర్వాత.

మా నాన్న ఆ తర్వాతే ఊరొదిలి ఆటోనగర్‌లో లేతు మిషను మీద చేరాడు. నిప్పు బదులు కరెంటు, సమ్మెట బదులు వెల్డింగు. ఊళ్ళో కొలిమి ఇంకో ఇరవయ్యేళ్ళు మినుకుమినుకుమంటూ నడిచింది. ఒంగోలు గిత్తలు తగ్గాయి, నాడాలు తగ్గాయి. బండిచక్రానికి ఇనప పట్టా కాల్చి ఎక్కించే పని రబ్బరు టైర్లతో పోయింది. గుంటక తోలే చోట కలుపుమందు వచ్చింది. మందు కొడితే కలుపు చస్తుంది, పాస అరగదు, కమ్మరి అక్కర్లేదు. ఒక వృత్తి చావడానికి ఎన్ని వైపుల నుంచి దెబ్బలు పడాలో అన్ని వైపుల నుంచీ పడ్డాయి.

ఇప్పుడు అమెరికా వైపు చూద్దాం. అక్కడ కూడా ఊరి కమ్మరి పోయాడు, మనకంటే ముందే పోయాడు. ఫోర్డు కార్లు, ట్రాక్టర్లు వచ్చి 1930ల నాటికి పని పల్చబడిపోయింది. మనకీ వాళ్ళకీ తేడా ఆ తర్వాత జరిగింది. 1969లో అట్లాంటాకి చెందిన అలెక్స్ బీలర్ అనే ఆయన కమ్మరం మీద బొమ్మలతో సహా వివరంగా ఒక పుస్తకం రాశాడు. ఆయన వృత్తిరీత్యా కమ్మరి కాదు. 1973లో జార్జియా రాష్ట్రంలో లంప్కిన్ అనే చిన్న ఊళ్ళో కొద్దిమంది చేరి అబానా అనే కమ్మరుల సంఘం పెట్టారు. ఇంగ్లండులో 1978లో అలాంటిదే ఇంకోటి వచ్చింది. చేరడానికి ఏ ఇంట్లో పుట్టావని అడగరు. డాక్టర్లు, ప్లంబర్లు, టీచర్లు, మా ఆర్కిటెక్టులాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు. ఒకరు కనుక్కున్నది ఇంకొకరికి చెప్పేస్తారు. ఒకరకంగా ఓపెన్ సోర్సు. 2015లో టీవీలో కత్తుల పోటీ షో మొదలయ్యాక ఇహ చెప్పక్కర్లేదు.

వీళ్ళలో ఒకడు మన ఉక్కు కథని మలుపు తిప్పాడు. ఫ్లోరిడాలో ఆల్ఫ్రెడ్ పెండ్రే అని గుర్రాలకి నాడాలు కొట్టే ఆయన. 2017లో చనిపోయాడు. ఈ మనిషికి డమాస్కస్ కత్తి పిచ్చి పట్టింది. అయోవా స్టేట్ యూనివర్సిటీలో లోహశాస్త్రం చెప్పే వెర్‌హోవెన్‌తో జతకట్టాడు. ప్రొఫెసరు మైక్రోస్కోపు, ఈయన సుత్తి. ఏళ్ళ తరబడి తంటాలుపడి మూసలో ఉక్కు చేసి, కత్తి సాగగొట్టి, నీటి అలల్లాంటి ఆ పాత చారల్ని మళ్ళీ రప్పించారు. ఇనుములో వెనేడియం లాంటి లోహాలు నూరింట మూడు వేలో వంతు అంత చిటికెడు ఉన్నా సరే, పదేపదే కాల్చి కొడుతుంటే ఆ చారలు కడతాయని తేల్చారు. 1998లో వ్యాసం, 2001 జనవరిలో సైంటిఫిక్ అమెరికన్‌లో ఇంకోటి. అంటే మన రాయిలోనే ఆ చిటికెడు ఉండేది, రాయి మారితే చారలు రావు. మనవాళ్ళు రాసిపెట్టని సంగతిని ఫ్లోరిడాలో గుర్రాల నాడాల మనిషి సుత్తితో వెతికి పట్టుకున్నాడు.

మనవాళ్ళెవరూ పట్టించుకోలేదని కాదు. శారదా శ్రీనివాసన్, రంగనాథన్ కలిసి 2004లో వూట్జ్ మీద మంచి పుస్తకం తెచ్చారు. 2010లో బెంగళూరు, ఇంగ్లండు పరిశోధకులు కలిసి తెలంగాణ పల్లెల్లో పాత బట్టీల చిట్టెం కుప్పల్ని వెతికి నమోదు చేశారు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లోనే మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయం సంపుటం తెచ్చి, నాగలికీ గుంటకకీ ఏ ముక్కని ఏ జిల్లాలో ఏమంటారో ఎక్కించారు. 2023 సెప్టెంబరులో కేంద్రం విశ్వకర్మ పథకం పెట్టి 18 వృత్తుల్లో కమ్మరాన్నీ చేర్చింది, పనిముట్లకి 15,000 రూపాయలిస్తామంది. మంచిదే. కానీ పనిముట్లు కావాల్సింది పని ఉన్నవాడికి. మా తాతకి దాగలి ఉంది, పనే లేదు.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఆర్కిటెక్టు కత్తి ఫొటో మా తాతకి చూపించాను. ఎనభై దాటాయి, చూపు తగ్గింది. ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పిడి బాగా చేశాడు. పదును ఎట్లా ఇచ్చాడు?" అన్నాడు. నూనెలో ముంచి, తర్వాత ఓవెన్‌లో రెండు గంటలు పెట్టాడట తాతయ్యా అన్నాను. నవ్వాడు. "మనకి ఓవెన్లేవిరా. మొన మాత్రం నీళ్ళలో ముంచి తీసేయాలి. వెనకాల వేడి అట్లాగే ఉంటుంది కదా, అది మొనకి నడిచొస్తుంది. ఇసకరాయితో గీకి చూస్తుంటే రంగులు పరిగెత్తుతయ్యి. ముందు గడ్డిరంగు, తర్వాత తేనెరంగు, తర్వాత నెమలికంఠం. కత్తికి తేనెరంగు దగ్గర మళ్ళా ముంచెయ్యి. పలుగుకైతే నెమలికంఠం దాకా ఆగు, లేకపోతే రాయికి తగిలి పుటుక్కున విరుగుద్ది."

గూగుల్ చేసి చూశాను. గడ్డిరంగు సుమారు 220 డిగ్రీలు, నీలం 300 దగ్గర. ఇంజనీరింగులో టెంపరింగ్ అని చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నాను. ఆ పాఠం వండి వార్చే మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని నాకు తట్టనే లేదు. ఇంకా సిగ్గుపడే విషయం, ఈ హాబీ వీడియోలు ఒక ఏడాదిగా చూస్తున్నాను. ఫోర్జు, యాన్విలు, క్వెంచింగు అనే మాటలు వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. కొలిమి, దాగలి, పదును అన్న మాటలు మా పెరట్లోనే ఉన్నాయి, అడగలేదు. చిన్నప్పుడు స్కూల్లో మీ తాత ఏం చేస్తాడంటే "వ్యవసాయం" అని చెప్పేవాణ్ణి మరి. ఎందుకలా చెప్పేవాణ్ణో మీలో కొంతమందికి విడమరిచి చెప్పక్కర్లేదు.

"తాతయ్యా, అక్కడ జనం దీన్ని సరదాకి చేస్తారు, డబ్బులు కట్టి మరీ నేర్చుకుంటారు" అన్నాను.

"వాళ్ళకి చేతులు నెప్పెడితే మానేస్తారు కదరా అబ్బాయ్. మానెయ్యగలిగితే ఏదైనా సరదానే" అన్నాడు.

నేను వెతికిన చరిత్ర మొత్తం ఈ ఒక్క మాటలో ఉందనిపించింది. పన్నిద్దరు ఆయగాళ్ళలో ఒకడైనవాడు మానెయ్యలేడు. పుట్టుకతో వచ్చిన పని గనక గౌరవం లేదు, గౌరవం లేదు గనక ఎవరూ రాసుకోలేదు, రాసుకోలేదు గనక మానెయ్యగలిగే రోజు వచ్చేసరికి పనితో పాటు విద్య కూడా పోయింది. అమెరికావాడు గొప్పవాడని కాదు. వాడు కూడా బతుకుతెరువుగా ఉన్నప్పుడు దాన్ని వదిలేశాడు, తెరువు కానప్పుడు తిరిగి పట్టుకున్నాడు. కాకపోతే తిరిగి పట్టుకునేవాడికి నీదే కులం అనే ప్రశ్న ఎదురుకాలేదు.

మళ్ళీ కొలిమి పెట్టండి, మన సంస్కృతి, మన వారసత్వం అని నేను ఉపన్యాసం ఇవ్వబోవడం లేదు. మా నాయనమ్మ చేతులు చూసినవాడెవడూ ఆ మాట అనడు. అరవై ఏళ్ళు గాలి తిప్పిన ఆ భుజం ఇప్పుడు చెంబు కూడా ఎత్తలేదు. కొలిమి ఆరిపోవడం మా ఇంటికి నష్టం కాదు, నిజం చెప్పాలంటే విడుదల. నష్టం ఏమిటంటే ఆయన తలలో ఉన్నది నేను ఇన్నాళ్ళూ రాసుకోకపోవడం.

అందుకని పండగ మూడు రోజులూ ఫోను రికార్డింగులో పెట్టి ఆయన్ని మాట్లాడించాను. ఏ చెట్టు బొగ్గు దేనికి (సర్కారు తుమ్మ వేడెక్కువ, రవ్వలు ఎగురుతాయి, నల్లతుమ్మ నిలకడ), కొడవలికి కక్కులు కొట్టేటప్పుడు ఉలి ఎంత వాల్చాలి, ఎద్దు కాలికి నాడా ఎలా వంచాలి. నాలుగు గంటల పైన వచ్చింది. నాయనమ్మ పక్కనుంచి చాలాచోట్ల ఆయన్ని సరిదిద్దింది. తిత్తి పట్టినావిడకే మంట సంగతి ఎక్కువ తెలుసని అప్పుడర్థమైంది. ఇప్పుడు దాన్ని తెలుగులో టైపు చేస్తున్నాను. కొంత ఇంగ్లీషు చేసి ఆర్కిటెక్టుకి పంపాను. నెమలికంఠం అన్న మాట ఆయనకి తెగ నచ్చింది. ఈసారి ఓవెన్ లేకుండా తాత చెప్పినట్టు చేసి చూస్తానన్నాడు.

ఆయన అడిగిన ప్రశ్నకి కూడా జవాబు రాశాను. హాబీ కాదు, మానెయ్యడానికి మూడు తరాలు పట్టిన పని అని.

మీ ఊళ్ళో కూడా ఏ వేపచెట్టు కిందో ఒక కొలిమి ఉండే ఉంటుంది. ఆ మనిషి ఉంటే ఈసారి వెళ్ళినప్పుడు ఒక గంట కూర్చోండి. మనం రోజూ కేటీ సెషన్లు రికార్డు చేస్తూనే ఉంటాం కదా, ఒకటి ఇటు కూడా చేద్దాం.